చెవి వెనక చోటు

కొత్తపేటలో స్కానింగ్ సెంటరు పైన మూడో అంతస్తు.
లిఫ్టు ఎప్పుడూ పనిచేయదు.
మెట్లెక్కి వచ్చేసరికే సగం తెలిసిపోతుంది నాకు
ఎవరి దగ్గర ఎంత ఊపిరి మిగిలిందో.

మందు లేదు, మాత్ర లేదు, సూది లేదు.
సబ్బుపెట్టెంత మిషను, దానికి రెండు తీగలు,
తీగల చివర బట్టల క్లిప్పుల పిల్లల్లాంటివి.
తమ్మెకొకటి, దొప్పకొకటి తగిలించి
మీట కొద్దికొద్దిగా తిప్పుతాను.
"చీమ పాకినట్టుందా?"
"పాకతంది."
"కుడితే చెప్పండి."

పదకొండేళ్లుగా నేను చూసేది చెవుల్నే.
ముఖాలు మరిచిపోతాను.
పోగులు తీసేశాక పూడుకుపోయిన కన్నాలు,
లెక్కల మేష్టారు మెలేసి మెలేసి
ఒక పక్కకి సాగదీసిన దొప్పలు,
భార్య మాట ఇటు విని అటు వదిలేసిన
నున్నటి దారులు.

జోజయ్య చెవి వెనక మాత్రం ఒక గాడి.
ముప్పై ఎనిమిదేళ్లు బీడీ కూర్చున్న చోటు.
పొగాకు గోడౌన్లో గ్రేడింగు పని.
ఆకుని వేళ్ల మధ్య నలిపి ముక్కుకి పెట్టుకుని
ఇది మొదటి రకం, ఇది తుక్కు, అని
కరెంటు పోయినా చెప్పేవాడట.
ఎక్స్‌రే చూశారా అంటే
"చూశా. మచ్చపడిన ఆకు.
అట్టాంటిది మేం లారీ ఎక్కించం" అన్నాడు.

"పనిజేసిద్దా ఇది?"
అందరూ అడిగేదే.
కొందరికి, అంటాను.
కొందరికి వారం రోజులు.
ఒకాయన ఇక్కణ్ణుంచి దిగీ దిగగానే
కింద కిళ్లీకొట్టు తాడుకి ముట్టించుకున్నాడు.
కిటికీలోంచి చూస్తున్నాను.
తలెత్తి నాకు చెయ్యి కూడా ఊపాడు.

క్లిప్పులు తీశాక ప్లాస్టరు ముక్కల మీద
ఆవగింజలు పెట్టి చెవి మడతల్లో అంటిస్తాను.
"చెవిలో పువ్వు పెడతారేమో అనుకున్నా,
పోపు పెడతన్నారే" అన్నాడు.
కాల్చబుద్ధయినప్పుడల్లా నొక్కండి, అరవై లెక్కపెట్టండి.
"ఊరికే అంకెలు నాకు నిలవవమ్మా."
అయితే బేళ్లు లెక్కపెట్టుకోండి.
ఆ మాటకి మాత్రం తలూపాడు, పనివాడిలా.

(నా కుడి చెవిలోనూ ఒక గింజ ఉంది.
దేనికని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.)

రెండో వారం గింజలు రాలిపోయి వచ్చాడు.
"నిన్న ఒకటి తాగా.
సంగడిగుంటలో చావు. వెళ్లక తప్పలా.
మగోళ్లంతా బయట నిలబడి ముట్టించుకున్నారు.
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలా."
నేనేమీ అనలేదు.
దూదితో చెవి తుడిచి మళ్లీ మూడు గింజలు.
తుడుస్తుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు,
చిన్నప్పుడు ఎవరో ఇట్లా తుడిచినట్టు.

ఆ తర్వాత ఆరు మంగళవారాలు.
మీట రెండు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి.
దగ్గు ముందు పెరిగింది. భయపడ్డాడు.
మసాలా టీ మానేశాడు, అది తాగితే చెయ్యి
దానంతటది జేబు వెతుక్కుంటుందని.
మనవరాలి దగ్గర పిప్పరమెంట్లు దొంగిలించాడు.
ఒకరోజు మెట్లు ఆగకుండా ఎక్కి
తలుపు దగ్గర నిలబడ్డాడు, నేను చూడాలని.

పోయిన వారం చెప్పాడు:
"గోడౌన్ల పక్కగా సైకిలు మీద పోతంటే
ఆకు వాసనొచ్చిందమ్మా.
ఇరవయ్యేళ్లయింది ఆ వాసన సరిగ్గా తగిలి.
రోజూ తాగతా, రోజూ దాంట్లోనే ఉంటా,
ముక్కుకి మాత్రం అందకుండా పోయింది.
మొదటి రకం. కళ్లు మూసుకుని చెప్పా.
అక్కడే సైకిలు దిగి ఏడ్చా."
కాల్చాలనిపించలేదా?
"అనిపించలేదని అబద్ధం ఆడను.
నొక్కి పట్టుకున్నా.
నూట నలభై బేళ్లయినాయి."

ఇవాళ ఆఖరి సిట్టింగు.
క్లిప్పు తగిలించబోతే చెవి వెనక గాడిలో
పెన్సిలు ముక్క.
ఇదేంటి, లెక్కలు రాస్తున్నారా అన్నాను.
"లేదమ్మా" అన్నాడు, తడిమి సరిచేసుకుంటూ,
"అక్కడ ఏదో ఒకటి లేకపోతే
తల ఒక పక్కకి ఒరిగినట్టుంది."